దీనమ్మ వంతు పాట

నేను ఒక మెమరీ కార్డును. చిటికెన వేలి గోరంత ఉంటాను. కింద పడితే చెత్తతో పాటు ఊడ్చేస్తారు, చీపురు పట్టినవాళ్ళకి తెలియను కూడా తెలియదు. నా వీపు మీద కంపెనీ పేరు తెల్లటి అక్షరాలతో ఉంటుంది. నన్ను తయారు చేసినవాళ్ళ పేర్లు ఉండవు. నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, కళ్ళు మాత్రం బయటికి కనబడేలా వరసగా నిలబడి పనిచేసే ఆడపిల్లలే నన్ను తయారు చేశారు. సముద్రాలు దాటి వచ్చి చివరికి నేను చేరింది కూడా అచ్చం అలా నిలబడి పనిచేసే ఆడవాళ్ళ దగ్గరికే. లోకం ఎలా నడుస్తోందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. నాకు అందంగా చెప్పడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, వినండి.

నన్ను మొదట కొన్నవాడు భీమవరంలో డిగ్రీ చదివే కుర్రాడు. నా నిండా పాటలు నింపాడు. వారం వారం మార్చేవాడు. "ఇప్పుడు నేను ఆపకుండా వింటున్నవి ఇవే" అని స్నేహితులందరికీ పంపేవాడు. వాళ్ళూ వాళ్ళవి పంపేవారు. ఒకడు పంపింది ఇంకొకడు వినేవాడు కాదు. "నాది విన్నావా?" అని మాత్రం అందరూ ఒకరినొకరు అడిగేవారు. "సూపర్ మావా" అనేవారు అందరూ. మనుషులకి పాట ఇష్టమా, తమకిష్టమైన పాటని ఎదుటివాడు మెచ్చుకోవడం ఇష్టమా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇంకా తీరలేదు.

కుర్రాడు కొత్త ఫోను కొనుక్కుని పాతదాన్ని నాతో సహా సెల్ షాపులో పడేసిపోయాడు. అక్కడి నుంచి నన్ను తీసుకుపోయినవాడు బుల్లబ్బాయి. రొయ్యల ఫ్యాక్టరీకి ఆడవాళ్ళని తోలే వ్యాను డ్రైవరు. తెల్లారేసరికి ఊరూరా ఆగి ఎక్కించుకుంటాడు, పొద్దుగూకాక తిరిగి దించుతాడు. వ్యానులో స్పీకరు ఉంది, దానికి నాలాంటిది పెట్టే సందు ఉంది. అందులో పెట్టాడు.

మొదట్లో బుల్లబ్బాయి తనకి నచ్చినవే వేసేవాడు. అన్నీ ప్రేమ విఫలమైన పాటలు. ఆడవాళ్ళు ఊరుకోలేదు. మంగతాయారని ఒకామె ఉంది, వ్యానులో అందరికంటే పెద్దది, ఫ్యాక్టరీలో అందరికంటే పాతది. బుల్లబ్బాయికి అప్ప, అంటే అక్క వరస. ఆమే అంది.

"ఒరే బుల్లబ్బాయా, పొద్దున్నే ఈ ఏడుపేంట్రా. ఏడవడానికి ఫ్యాక్టరీ ఉంది కదా."

"మరేం ఎయ్యమంటావు అప్పా?"

"మా పాటలెయ్యి. సీటుకో పాట. ఎవరు ఎక్కితే వాళ్ళ పాట."

అలా పుట్టింది పాట వంతు. ఊరు వస్తుంది, మనిషి ఎక్కుతుంది, ఆమె పాట మోగుతుంది. పనిలోకి రాకపోతే ఆమె పాట ఉండదు. పాట మార్చుకోవాలంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ కొత్తది ఎక్కాలంటే పాతది దిగాలి. రెండేసి పాటలు అడగడం మొదలుపెడితే చివరి ఊరివాళ్ళ పాట రాకముందే ఫ్యాక్టరీ గేటు వచ్చేస్తుంది. అందుకని ఆ కట్టుబాటు. దాన్ని ఏ నాయకుడూ చెప్పలేదు. వాళ్ళే పెట్టుకున్నారు, వాళ్ళే కాపాడుకున్నారు. ఫ్యాక్టరీలో ఒంటికి వెళ్ళడానికి కూడా సూపర్‌వైజర్ని అడగాలి. వ్యానులో మాత్రం ఒక్క పాటంత సేపు ప్రతి మనిషీ రాజ్యం చేసేది.

మంగతాయారుది డప్పులు అదిరిపోయే పాట. హీరోయిన్ నడుం తిప్పుతుంటే ఊరంతా ఈలలు వేసే రకం. "ఇంట్లో ఇదెడితే మా కోడలు మూతి తిప్పుద్ది, ఇక్కడెవరు తిప్పుతారో తిప్పండి సూద్దాం" అనేది. మొగుడు చెయ్యి చేసుకునే ఒకామె, పెళ్ళాన్ని దేవతంటూ మొగుడు పాడే పాట పెట్టించుకుంది. నేను రోజూ ఆ అబద్ధాన్ని శ్రుతి తప్పకుండా పాడాను.

కాలవ వంతెన దగ్గర దీనమ్మ ఎక్కేది. ఆమెకి పాట లేదు.

"నీకిష్టమైందేదో చెప్పవే, ఎక్కిత్తాడు" అంది మంగతాయారు.

"నాకు సెల్లెక్కడిది వదినా? నాకున్నది నోరొక్కటే."

"అయితే నోటితోనే ఎట్టు."

అందరూ నవ్వారు. దీనమ్మ నవ్వలేదు. డ్రైవరు సీటు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆ ఫోను ఇలా పట్టు తమ్ముడూ" అంది. బుల్లబ్బాయి ఫోను నిండిపోయి ఉంది, నన్ను స్పీకరులోంచి తీసి ఫోనులో పెట్టాడు. ఆమె గొంతు నేరుగా నాలోకే వచ్చింది. ఇంకెక్కడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఊడ్పుల వరస అది. మాటలు ఆమెవే. చేలు రొయ్యల చెరువులైపోక ముందు నాట్లు వేసిన మనిషి. మొదటి చరణం ఇది:

*ఒంగోని నాటేము ఒకనాడు మేమూ*
*నిలుసోని ఒలిసేము ఈనాడు మేమూ*
*వరి చేలు తవ్వేసి ఉప్పునీళ్ళెట్టేరు*
*ఉప్పు మా కళ్ళల్లొ ఊరేను సూడూ*

"అబ్బో, దీనమ్మ సినిమాల్లోకెళ్ళిపోద్ది" అన్నారు. ఆ రోజు నుంచి వంతెన దగ్గర ఆమె గొంతు మోగేది. ఆమె స్పీకరు వైపు చెవి పెట్టి, పెదాలు కదుపుతూ వినేది. వినేది ఆమె ఒక్కతే. వంతెన దాటగానే రోడ్డు గోతులు. మొదటి చరణం అయ్యేసరికి వ్యాను ఎగిరిపడేది, క్యారేజీలు దొర్లేవి, అందరూ సర్దుకునేవారు. ఈలోగా తరవాతి ఊరు వచ్చేస్తుంది, ఎక్కబోయేవాళ్ళకి చోటివ్వడానికి జరిగేవారు. ఆమె పాటకి రెండో చరణం కూడా ఉందని అందరికీ తెలుసు. అందులో ఏముందో ఎవరూ పట్టించుకోలేదు. తమ పాట ఎప్పుడొస్తుందా అన్నదే ఎవరి ధ్యాసైనా. భీమవరం కుర్రాళ్ళని తిట్టాను కదా, వీళ్ళూ అంతే. కష్టం చేసేవాళ్ళని దేవుళ్ళని చేసి చెప్పడం నాకు చేతకాదు.

దీనమ్మని రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర నుంచి మొదటి నుంచీ అప్పుడప్పుడు చల్లగదికి పంపేవారు, చివరికి అక్కడికే మార్చేశారు. పెట్టెలు సర్దే పని. ఆ గదికి బయట నుంచి గడియ వేసేవారు. తలుపు తీస్తే చల్లదనం పోతుందని ఒక కారణం. ఆడవాళ్ళు మాటిమాటికీ బయటికి పోతున్నారని ఇంకో కారణం. ఒక రోజు మధ్యాహ్నం ఆ గదిని చల్లబరిచే అమోనియా గ్యాసు గొట్టం పగిలింది. బయట ఉన్నవాళ్ళు చీర చెంగులు మూతికి అడ్డం పెట్టుకుని పరిగెత్తారు. గడియ వేసినవాడూ పరిగెత్తాడు. వాడు గడియ తీయలేదు. గ్యాసు తగ్గాక తలుపు తీస్తే దీనమ్మ తలుపు దగ్గరే ఉంది.

ఇవన్నీ వ్యానులో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే నేను విన్నవి.

గేటు ముందు ధర్నా అయింది. నన్ను పెట్టుకున్న వ్యాను కూడా అక్కడే ఆగింది. టెంటు వేశారు, మైకు కట్టారు. జెండాలవాళ్ళు వచ్చారు, టీవీవాళ్ళు వచ్చారు. మైకులో పాటలే పాటలు, దీనమ్మ మీద కట్టినవి, పొద్దున్న కట్టి మధ్యాహ్నానికి పాడినవి. బుల్లబ్బాయి మంగతాయారు దగ్గరికి వెళ్ళాడు.

"అప్పా, ఆవిడ పాటే ఉంది కదా మన దగ్గర. అదేద్దామా మైకులో?"

"ఉండ్రా, పెద్దోళ్ళు మాట్టాడతన్నారు. రేపేద్దాం."

ఎన్నో గొంతులు దీనమ్మ కోసం అరిచాయి. దీనమ్మ గొంతు మాత్రం వ్యానులో నోరు మూసుకుని కూర్చుంది. సాయంత్రానికి మేనేజరు బయటికి వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు.

"ఆ గడియ ఇబ్బందని మీలో ఒక్కరైనా ఎప్పుడైనా చెప్పారామ్మా? చెప్తే తీయించేవాళ్ళం కదా."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ చెప్పలేదు. జెండాలవాళ్ళ నాయకుడు కూడా తల ఊపాడు. ఏవో సంతకాలు అయ్యాయి. టెంటు విప్పేశారు. "రేపు" రాలేదు.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. వంతెన దగ్గర ఎవరూ ఎక్కలేదు, కానీ అలవాటు కొద్దీ పాట మోగింది. ఆ పొద్దు వ్యానంతా ఏడ్చింది. మర్నాడు కూడా ఏడ్చింది. ఆ తరవాత బుల్లబ్బాయి దాటేయడం మొదలుపెట్టాడు. వంతెన రాగానే బొత్తాం నొక్కేవాడు. ఎందుకు నొక్కావని ఎవరూ అడగలేదు. ఊపిరి పీల్చుకున్నారు. నేను చూశాను.

కొన్నాళ్ళకి అదే వంతెన దగ్గర వీరవేణి ఎక్కింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల. దీనమ్మ సీటే ఖాళీ, అక్కడే కూర్చుంది. సీటుకో పాట అని చెబితే మురిసిపోయింది. పెళ్ళిలో తన ఊరేగింపుకి పెట్టిన పాట ఇచ్చింది. బుల్లబ్బాయి కట్టుబాటు మనిషి. కొత్తది ఎక్కాలంటే పాతది దిగాలి. దీనమ్మ పాట తీసేసి వీరవేణి పాట ఎక్కించాడు. ద్వేషం లేదు, దురాశ లేదు. తమకి న్యాయం చేసుకోవడానికి తామే పెట్టుకున్న పద్ధతి అది. దాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. మర్నాడు వంతెన దగ్గర పెళ్ళి మేళం మోగింది.

తరవాతి ఆదివారం పోయి సోమవారం, వంతెన దగ్గర వీరవేణి పక్కన ఇంకో పిల్ల నిలబడి ఉంది. కెజియా, దీనమ్మ కూతురు. ఏలూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. తల్లి ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ ఇంట్లో చేసే ప్రార్థన, పెట్టుకున్నారు, దానికని వచ్చింది. వీరవేణి వ్యాను ఎక్కింది, కెజియా ఎక్కలేదు. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, వ్యానులో నా పాటేత్తారే అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. నేనెప్పుడూ వినలేదు. కూడికలో వినిపిద్దామని... నా ఫోన్లో ఎక్కించి ఇత్తారా?"

బుల్లబ్బాయి ఇంజను ఆపాడు. ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"మా దగ్గర అమ్మ ఫొటోలున్నాయి గానీ మాట లేదు బాబాయ్. ఎందులోనూ లేదు. అమ్మకి సెల్లు లేదు కదా."

"తీసేశానమ్మా" అన్నాడు బుల్లబ్బాయి.

కెజియాకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఎందుకు తీశాడో చెప్పబోయి ఆగిపోయాడు. ఎలా చెప్పినా అది కారణంలా లేదు. వెనక నుంచి వీరవేణి గొంతు సన్నగా వచ్చింది.

"నాకు తెలీదక్కా. నా పాట తీసెయ్యండి అన్నా, నాకొద్దు."

"తీత్తే మాత్రం అదొత్తదా?" అన్నాడు బుల్లబ్బాయి.

మంగతాయారు వ్యాను దిగింది. "పిల్లా, మేం రోజూ విన్నాం. మేం చెబుతాం, నువ్వే పాడు కూడికలో" అంది. ఆడవాళ్ళందరూ కిటికీల్లోంచి తలలు పెట్టి అందుకున్నారు. ఒంగోని నాటేము, నిలుసోని ఒలిసేము. ఉప్పునీళ్ళు, కళ్ళల్లో ఉప్పు. ఒక్క మాట తప్పు పోలేదు. కెజియా పెదాలు కదుపుతూ నేర్చుకుంది, అచ్చం తల్లిలాగే.

"తరవాతండీ?" అంది.

"తరవాత..." అంది మంగతాయారు. వెనక్కి తిరిగింది. "తరవాతేంటే?"

ఒకరిద్దరు కిటికీల్లోంచి తలలు లోపలికి తీసుకున్నారు.

"ఇంకో చరణం ఉందే. తలుపో ఏదో అంటది."

"తలుపు కాదేమో వదినా, వలపో ఏదో."

"దీనమ్మకి వలపేంటే నీ మొహం. నువ్వు ఆవిడ పక్కనే కదా కూచునేదానివి."

"పక్కనే గానీ, అప్పటికి నా క్యారేజీ సర్దుకునేదాన్ని."

మంగతాయారు వ్యానులోని తన క్యారేజీ వైపు చూసింది. ఆమె కూడా సర్దుకునేది.

ఆలస్యమైతే గేటు మూసేస్తారు. బుల్లబ్బాయి స్పీకరులోంచి నన్ను బయటికి లాగి కెజియా అరచేతిలో పెట్టాడు. "ఇందులోనే ఉండేదమ్మా. ఇది నువ్వే ఉంచుకో" అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరి పాటా లేకుండానే వెళ్ళింది.

ఇప్పుడు నేను కెజియా బైబిలు కవరు జిప్పులో ఉన్నాను. ఆమె నన్ను ఫోనులో పెట్టి ఒక్కొక్క పాటా చివరిదాకా విన్నది, ఎక్కడైనా వెనకాల తల్లి మాట వినబడుతుందేమోనని. వినబడలేదు. కూడికకి దేవుని పాటలు ఇందులో ఎక్కించమని పాస్టరుగారు అడిగితే, "అమ్మ ఉన్నదాంట్లో ఇంకోటి ఎక్కించనండి" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఆ మొండితనమే నన్ను కాపాడుతోంది.

ఎందుకంటే మాలో ఒక గుణం ఉంది. తీసేయమంటే మేము పేరు మాత్రమే చెరిపేస్తాం. లోపలిది, దాని మీద ఇంకోటి వచ్చి కూర్చునేదాకా అలాగే ఉంటుంది. వీరవేణి పెళ్ళి మేళం వచ్చి మొదటి చరణం మీద కూర్చుంది. మొదటి చరణం నాలో లేదు, ఆడవాళ్ళ నోళ్ళలో ఉంది. రెండో చరణం వాళ్ళ నోళ్ళలో లేదు, నాలో ఉంది. ఫోను మాత్రం ఇక్కడేమీ లేదని చూపిస్తుంది. కెజియా దాన్నే నమ్మింది. నాకు నోరు లేదు. ఆ గడియ సంగతి ఎవరూ చెప్పలేదన్నాడు కదా మేనేజరు? వంతెన దాటాక, గోతుల రోడ్డు మీద, దీనమ్మ రోజూ చెప్పింది:

*తలుపేసి గడియేసి సల్లార బెట్టేరు*
*రొయ్యల్నొ మమ్మల్నొ సెప్పయ్య దొరా*
*లోన మేం పిలిసేము, పిలిసేము పిలిసేము*
*బయటున్న అప్పల్లార, వింటన్నారా?*