మూల కత్తిరించిన కార్డులు

తుప్పు పట్టిన గుండుసూదిని కాగితంలోంచి లాగకూడదు. సూది తల కింద పల్చటి రేకుముక్క దూర్చి, కాగితాన్ని వేలితో అదిమిపట్టి, సూదిని వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. చేరిన ఏడాది పాతిక ఉత్తరాలు చింపి, తిట్లు తిని, తనంతట తనే నేర్చుకుంది. ఆ ఉదయం పదిన్నర కాకముందే పదకొండు సూదులు తీసి సాసర్లో వేసింది. సాయంత్రం అయిదింటికి ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఆఖరి రోజైనా కాస్త ఊరికే కూర్చోరాదా అని ఊడ్చే ఆవిడ అంది గానీ, ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాని పని.

ఆఫీసులో అందరూ ఆమెను పెట్టెలక్క అంటారు. పొట్టి మనిషి. పై అరలు అందవు కాబట్టి ముక్కాలిపీటను కాలితో తోసుకుంటూ తిరుగుతుంది. ఆ చప్పుడును బట్టే ఆమె ఏ వరుసలో ఉందో ముందు గదిలోని కార్యదర్శికి తెలిసిపోతుంది. కుడి బొటనవేలి గోటి కింద తుప్పు మరక ఒకటి ఏ సబ్బుకీ లొంగకుండా ఉండిపోయింది. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతుంటే దానికోసం బల్లంతా వెతకడం రోజూ ఉన్నదే.

కింద కళ్లజోళ్ల దుకాణం, పైన సంఘం. మూడు గదులు, గోడల నిండా అట్టపెట్టెలు. యుద్ధాలు వద్దన్నవాళ్లు తొంభై ఏళ్ల కిందట దేశదేశాల్లో కలిసి పెట్టుకున్న సంఘం అది. ఇన్నేళ్లలో ఒక్క యుద్ధాన్నీ ఆపలేకపోయింది పాపం, కాగితం మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. పగలంతా శాంతి పని చేసి వచ్చి సాయంత్రం నాతో యుద్ధానికి దిగుతుందని అందరికీ చెప్పి నవ్విస్తాడు. రేపటినుంచి పగలు కూడా యుద్ధమేనని ఆ పొద్దున ఆమెను గుమ్మం దాకా సాగనంపి మరీ అన్నాడు.

ఆ పెట్టెల్లో విలువైనవి కార్డులు. అరచేయంత అట్టముక్క. ముందువైపు పేరు, సంతకం, రెండు ముక్కల ప్రమాణం: చంపమంటే చంపను, ఎవరు చెప్పినా, ఎందుకు చెప్పినా. వెనక నంబరు ముద్ర. ముప్పై దేశాల లిపుల్లో ఉన్న ఆ సంతకాలు ఒకరు చదివితే ఇంకొకరు చదవలేరు కాబట్టి తొలినాటి పెద్దలు కత్తెరతో ఒక భాష కనిపెట్టారు. మాట మీద నిలబడి కన్నుమూసినవాళ్ల కార్డుకు పై ఎడమ మూల కత్తిరించాలి. మాట వెనక్కి తీసుకున్నవాళ్లకు పై కుడి మూల. కార్డులు నలగకుండా పెట్టెల్లోనే ఉంటాయి. ఎవరేం అడిగినా జవాబు రిజిస్టరు చూసి రాస్తారు, ఆ రిజిస్టరు రాసింది పెట్టెలక్క. సంఘం చరిత్ర పుస్తకం చివర, మాట నిలుపుకుని పోయినవాళ్ల జాబితా కూడా అందులోంచే తీశారు. అది అప్పటికే అచ్చుకు వెళ్లింది.

పదకొండింటికి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. అరవై అయిదు దాటినట్టున్నాడు, చేతుల మీద వడ్రంగి పని గాట్లు. నంబరు రాసిన చీటీ ఇచ్చి, నాన్న సంతకం ఒక్కసారి చూపిస్తారా, ఫొటో తీసుకుపోతాను, మా అమ్మ చూడాలంటోంది అన్నాడు. ఆమె పెట్టె దించేలోగా తన కథ చెప్పుకున్నాడు. సైన్యంలో చేరనన్నందుకు తండ్రిని జైల్లో వేశారు. అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటికి తనకు నాలుగేళ్లు. చివరిదాకా లొంగలేదని తల్లి చెబుతూ ఉండేది. ఇరవై ఆరేళ్ల కిందట సంఘానికి రాసి అడిగితే, ఆయన పోయేముందు మాట వెనక్కి తీసుకున్నారని జవాబు వచ్చింది. తల్లి ఆ ఉత్తరం విని, వాళ్లకేం తెలుసు అని పక్కన పెట్టేసింది. కొడుకు మాత్రం నమ్మాడు. ఆఫీసు కాగితం కదా. తన పిల్లలకు తాత సంగతే చెప్పకుండా పెంచాడు.

ఆమె కార్డు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన సంతకాన్ని తాకకుండా దాని మీదుగా వేలు నడిపాడు. తరవాత కత్తిరింపు చూసి, “ఎలుక కొరికిందా అమ్మా?” అని అడిగాడు.

కత్తిరింపు ఎడమ వైపున ఉంది.

రిజిస్టరులో ఆ నంబరు ఎదుట మాట వెనక్కి తీసుకున్నట్టు తన చేతిరాతే ఉంది. ఒక్క నిమిషం అని ఆమె లోపలి గదిలోకి పోయి, ఆ పెట్టెలో మిగతా కార్డులు బల్ల మీద పరిచి రిజిస్టరుతో పోల్చసాగింది. నాలుగో కార్డు దగ్గరికి వచ్చేసరికి అంతా అర్థమైంది. ముప్పై మూడేళ్ల కిందట పైఅంతస్తులో గొట్టం పగిలి ఈ పెట్టె తడిసింది. అప్పుడామెది తాత్కాలికపు ఉద్యోగం. సిరా మీద దుమ్ము పడకూడదని కార్డులన్నీ బోర్లా ఆరబెట్టి, వెనక నంబరు ఎలాగూ కనిపిస్తోంది కదా అని, వాటిని తిప్పకుండానే రిజిస్టరు రాసేసింది. బోర్లా పెట్టిన కార్డుకు ఎడమ మూల కుడి మూల అవుతుందన్న చిన్న సంగతి తట్టలేదు. వారం పట్టే పని రెండు రోజుల్లో ముగించిందని అప్పటి కార్యదర్శి మెచ్చుకుని ఉద్యోగం ఖాయం చేశాడు. మొత్తం నూట పన్నెండు కార్డులు. ప్రాణం ఇచ్చినవాళ్లు మాట తప్పినవాళ్లయ్యారు, తప్పినవాళ్లు వీరులయ్యారు. తన బతుకంతా దీని మీద కట్టుకున్నదే కదా అనుకుంది. ముక్కాలిపీట మీద కూలబడింది.

కత్తెర భాష తెలిసినవాళ్లు ఇప్పుడు ఆ భవనంలో ఇద్దరే, తనూ కార్యదర్శీ. కార్యదర్శి ఏనాడూ కార్డు ముట్టుకోడు. ఎలుకే అంటే పెద్దాయన సంతకం ఫొటో తీసుకుని సంతోషంగా వెళ్లిపోతాడు. సాయంత్రం నాలుగింటికి టీ, బిస్కెట్లు, నాలుగు మంచి మాటలు. ఆ తరవాత ఇల్లు. అంత సులువు. ఆమెకు నిజంగానే ఎలుక అనెయ్యాలనిపించింది.

లేచి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది.

“ఎలుక కాదండీ. కత్తెరతో చేసిన గుర్తు. మాట మీదే ఉండి పోయారని అర్థం. మీ నాన్నగారు లొంగలేదు. రిజిస్టరులో తప్పు రాసింది నేను. మీకు ఆ ఉత్తరం రాసిందీ నేనే.”

ఆయన కార్డును మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. తిడతాడని ఎదురుచూసింది, తిడితే బాగుండుననిపించింది కూడా.

“తన మాట నేను నమ్మలేదని మా అమ్మ నన్ను ఒక్క మాటైనా అనలేదమ్మా,” అన్నాడు చివరికి. “ఎనభై తొమ్మిదేళ్లు ఆవిడకి. చెవులు బాగానే వినిపిస్తాయి. మీరు చెప్పింది కాగితం మీద రాసివ్వండి, చదివి వినిపిస్తాను.”

ఆమె రాసింది. ముద్ర కోసం కార్యదర్శి దగ్గరికి వెళ్లినప్పుడు సంగతంతా చెప్పింది. కార్యదర్శి మంచివాడు. మంచివాడు కాబట్టే హడలిపోయాడు. ఆ ఉత్తరం మీద వెంటనే ముద్ర వేశాడు. ఈ ఒక్కటి దిద్దుదాం అక్కా, అడిగినవాళ్లకు అడిగినప్పుడు చెబుదాం, అడగనివాళ్లను కదపడం ఎందుకు, పైగా ఇవాళ మీ రోజు అని బతిమాలాడు.

“అడగనివాళ్ల ఇళ్లలోనూ ఇలాగే నోరు మూసుకుని ఉంటారు బాబూ.”

“మరి రెండో రకం వాళ్లో? తాత గొప్పవాడనుకుంటున్న పిల్లలకి చెడ్డవాడని చెబుతారా?”

“చెడ్డవాడని ఎవరన్నారు? భయపడ్డాడు. జైలు తలుపు చూస్తే నేనూ భయపడేదాన్ని.”

కార్యదర్శి అచ్చాఫీసుకు ఫోన్ చేసి చివరి పేజీలు ఆపమన్నాడు. అంతకు మించి తన వల్ల కాదని, ఇళ్లకు ఉత్తరాలు రాసే సంగతి కమిటీ తేల్చాలని, కమిటీ కూర్చునేది మూడు నెలల తరవాతనని చెప్పాడు. పెద్దాయన ఉత్తరాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, రెండింటి రైలు అందుకోవాలని వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆమె చేయి పట్టుకున్నాడు. ఆ గరుకు చేతుల్లో తన చేయి ఉన్నంతసేపూ ఆమెకు ఏడుపు ఆగలేదు.

నాలుగింటికి టీ అయింది. కళ్లజోళ్ల దుకాణం యజమాని కూడా పైకి వచ్చాడు. ఆమె పనిలో తప్పు వెతికినా దొరకదని ఏమీ తెలియని ఆయన పొగుడుతుంటే, కార్యదర్శి బిస్కెట్ ప్లేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె తల వంచుకుని విన్నది. అయిదింటికి తాళాలు బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని, గట్టిగా పట్టుకోకపోతే ఊగే మెట్ల కమ్మీని పట్టుకుని దిగిపోయింది. వీధి మలుపులో భర్త నిలబడి ఉన్నాడు. ఆయన ఏదో వేళాకోళం ఆడబోయి ఆమె మొహం చూసి, చేతిలోని సంచీ అందుకున్నాడు.

దీపాలు ఆర్పడానికి లోపలికొచ్చిన కార్యదర్శికి, బయటికి వెళ్లే టపా పళ్లెంలో ఒకే ఒక కవరు కనిపించింది. అతను చదవాలనే కాబోలు, అంటించకుండా వదిలేసింది. ఒక టీచరమ్మ పేర రాసింది. మా తాతగారి పేరు ఏ పేజీలో వస్తుంది అని ఏడాదిగా పోస్టుకార్డు మీద పోస్టుకార్డు రాస్తున్న మనిషి. తాతగారి కార్డుకు కత్తిరించింది కుడి మూల. ఉత్తరంలో గొట్టం పగలడం, బోర్లా పెట్టడం, అన్నీ వరసగా ఉన్నాయి. మీ తాతగారు భయపడిన రోజున ఆయన పక్కన ఎవరూ లేరు, మీరు ఆయన మీద కోప్పడకండి, కోపం వస్తే నా మీద చూపించండి అని ముగించింది.

అతను నిలబడే రెండుసార్లు చదివాడు. కవరు అంటించాడు. స్టాంపు అంటించాడు. పంపినవారి చోట వెయ్యడానికి సంఘం ముద్రను సిరాలో అద్ది చేతిలోకి తీసుకున్నాడు. ఆ చోట అప్పటికే ఆమె గుండ్రటి రాతలో, సందు పేరు, ఇంటి నంబరు, వెనక వాటా, మేడ మీద గది అని ఆమె ఇంటి చిరునామా రాసి ఉంది.