బసవన్నకు పలుపు

పొద్దున్నే గౌనిపల్లి పాలడైరీకి వెళ్లిన ఆవులప్పకు, క్యాను కింద పెట్టకముందే సంగతి అర్థమైపోయింది. బసవన్న మళ్లీ ఎవరి చేలోనో పడింది. ఎవరూ పలకరించలేదు. పలకరించకపోవడంలోనూ రకాలుంటాయి, ఇది పంట పోయిన రకం.

"నీ ఎద్దు నా టమాటా తోట తొక్కేసినాది గదప్పా," అన్నాడు కిరాణా అంగడి హనుమంతయ్య. "రేపో ఎల్లుండో కోసే కాయ. నాలుగు సాలులు నేలమట్టం."

"అది నాది కాదు సామీ, దేవునిది," అన్నాడు ఆవులప్ప. ఎనిమిదేళ్లుగా చెబుతున్న మాటే. చెప్పీ చెప్పీ తనకే విసుగొచ్చింది.

ఈ ఊరి న్యాయమే అంత. పండగనాడు బసవన్న అందరిదీ, చేలో పడిననాడు ఆవులప్పది. పనీపాటా లేని కుర్రాణ్ణి అచ్చోసిన ఆంబోతని తిట్టే జనం, అసలు ఆంబోతు ఎదురైతే చెప్పులు విడిచి దండం పెడతారు. దండం పెట్టిన చేత్తోనే మరునాడు కర్ర తీస్తారు. పోయిన నెల ఎవరో దాని వీపు మీద వేడినీళ్లు పోశారు. ఎవరని ఆవులప్ప అడగలేదు. తెలిసినా తను చేయగలిగింది ఏముంది?

డైరీ సెక్రెటరీ ఆంజనప్ప పాలు కొలిచి తలెత్తాడు. "ఇంగ మాటలొద్దు ఆవులప్పా. సాయంత్రం లోపల నువ్వు దాన్ని కట్టేసుకో. లేదంటే బండి పిలిపిస్తాము."

"యాడికి తీసుకుపోతారు?"

"గోశాలకంట."

"నిజంగా గోశాలకేనా?"

"బండాయన అట్లే చెప్తాడు," అని ఆంజనప్ప తర్వాతి క్యాను అందుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య చిన్నవెంకటమ్మ చేతిలో చేట అలాగే నిలిచిపోయింది. "తాడు వేయొద్దు. ఏమని మొక్కినావో మరిచినావా?"

మరిచేదా అది! ఎనిమిదేళ్ల కిందట కూతురు అర్పితకు డెంగీ జ్వరమొచ్చి, కోలారు ఆసుపత్రిలో మూడు రోజులు కళ్లు తెరవలేదు. నాలుగో రోజు ఆవులప్ప వరండాలో నిలబడి చేతులు జోడించాడు. బిడ్డ బతికితే ఇంట్లో ఉన్న కోడెదూడను బసవన్న పేరున వదిలేస్తాననీ, దాని జన్మలో మెడకు తాడు తగలనివ్వననీ మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. దూడకు పసుపు పూసి ఊరి మీదికి వదిలాడు. అర్పిత ఇప్పుడు శ్రీనివాసపురం కాలేజీలో పీయూసీ చదువుతోంది.

ఇందులో ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. అది సీమ ఆవుకు పుట్టిన మగదూడ. పాలివ్వదు. దున్నడానికి ట్రాక్టర్లున్నాయి. దాన్ని తోలేయమని అర్పితకు జ్వరం రాకముందే కబేళా బండివాడితో మాట్లాడుకున్నాడు ఆవులప్ప. అంటే ఎలాగూ వదిలించుకునేదాన్నే దేవుడికిచ్చాడు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం! మొదట్లో తన తెలివికి లోలోపల మురిశాడు కూడా. ఏటేటా ఎద్దు పెరిగింది, దాని మీద దెబ్బలూ పెరిగాయి. మురిపెం పోయి సిగ్గు మిగిలింది.

"తాడు పడినాక బిడ్డకు ఏమన్నా అయితే?" అంది చిన్నవెంకటమ్మ.

"తాడు వేయకుంటే దాని ప్రాణం పోతాది. నేనేం చేసేదే?"

ఆవులప్ప పలుపు తీసి భుజాన వేసుకుని, దాని మీద తువ్వాలు కప్పాడు. ముందు బొట్టు పెట్టి తప్పు ఒప్పుకుందామని కుంకుమ భరిణె కూడా పట్టుకున్నాడు.

బసవన్న మామిడి తోపులో నీడన నిలబడి ఉంది. కుంకుమ భరిణె చూడగానే తనంతట తానే నాలుగడుగులు ముందుకొచ్చి తల వంచింది. ఎనిమిదేళ్లుగా ఊళ్లో ఆడవాళ్లు అలా అలవాటు చేశారు. ఆవులప్ప నుదుట బొట్టు పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. తల ఇంకా వంచే ఉంది. ఇంతకన్నా మంచి అదను దొరకదని చేతులకు తెలిసిపోయింది. పలుపు మెడలో పడింది.

దేవుణ్ణి ఒకసారి మోసం చేశాను, ఇప్పుడు ఎద్దునూ చేశాను, అనుకున్నాడు.

అది తిరగబడి కుమ్మినా బాగుండేది. తాడంటే ఏమిటో తెలియని జంతువు, మెల్లగా వెంట నడిచి వచ్చింది. అంగడి ముందు హనుమంతయ్య ఎదురయ్యాడు. "మంచి పని చేసినావప్పా," అని, అలవాటు కొద్దీ తోక కళ్లకద్దుకున్నాడు. ఆవులప్పకు ఒళ్లు మండిపోయింది గాని, తిట్టడానికీ ఓపిక ఉండాలి కదా.

కొట్టంలో గుంజకు కట్టాక పెండ్లాం ముందు కూలబడ్డాడు. "నీకొక మాట చెప్పల్ల. ఈ దూడను నేను ముందే..."

"బండికి తోలేయాలని అనుకున్నావు. నాకు తెలుసులే," అంది చిన్నవెంకటమ్మ. "మొక్కినాక బండాయన ఇంటికొచ్చి అడిగినాడు. దూడ దేవునిదైపోయిందని చెప్పి పంపినది నేనే. అప్పటినుంచి భయపడతానే ఉండాను. ఉత్తుత్తి మొక్కు గదా, దేవుడు బిడ్డను ఎప్పుడు తిరిగి అడుగుతాడో అని."

ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఒకే భయాన్ని ఇద్దరూ విడివిడిగా మోశారు. పంచుకుని ఉంటే సగం బరువైనా తగ్గేదని ఆవులప్పకు ఏడుపొచ్చింది.

లేచి మేత వైపు చూశాడు. ఉన్న పచ్చిమేత రెండు పాడి ఆవులకే చాలీచాలదు. దాన్ని మూడు భాగాలు చేశాడు. పెద్ద భాగం బసవన్న ముందు వేశాడు. పాడి ఆవులు రెండూ తమ ముందున్న కాస్త మేతను చూసి, అతని వైపు చూశాయి. రేపటి నుంచి పాలు తగ్గుతాయి. తగ్గనీ.

బసవన్న మేత వాసన చూడలేదు. తాడు బిగిసేదాకా మెడ చాచి వీధివైపు చూస్తూ నిలబడింది. రెండుసార్లు లాగి చూసి, మూడోసారి లాగలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన అర్పిత కొట్టం ముందు ఆగిపోయింది. సంచి భుజాన ఉండగానే వెళ్లి ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టింది. తాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు లేచి ఉన్నాయి.

"దీన్ని మళ్లా ఎప్పుడు విడుస్తావు నాయనా?"

ఆవులప్ప కూతురి ముఖం చూశాడు. నిక్షేపంగా ఉంది, నడిచొచ్చిన చెమటతో, పదహారేళ్ల ఆరోగ్యంతో.

"ఇంగ విడిచేది లేదమ్మా," అన్నాడు.