పట్టు అంటేనే పదునెక్కే కత్తి

ఇలా రావే బుజ్జితల్లీ. మూతి ముడుచుకోవడం తర్వాత, ముందు నా పక్కన కూర్చో. కాళ్ళు పైకి పెట్టుకో, నేల చల్లగా ఉంది. ఆటలో మీ అమ్మ నీకు కత్తి ఇవ్వలేదనేగా ఈ ఏడుపు? ఒక్క వేటుకి ఎంతటి రాక్షసుడైనా కూలిపోయే కత్తి కావాలన్నావు, కుదరదంది, పిసినారి అన్నావు. అంతా విన్నాన్లే. నాకు చూపు తగ్గింది గానీ చెవులు ఇంకా పాము చెవులే.

మీ అమ్మ పిసినారి కాదమ్మా. ఒకప్పుడు అలాంటి కత్తి ఒకటి ఇచ్చి చేతులు కాల్చుకుంది. ఆ కత్తి వల్ల నా కొడుకుని రెండోసారి పోగొట్టుకోబోయాను. నీకు మామయ్య అంటే నీ జడ లాగి నవ్వే మనిషిగానే తెలుసు. ఆ మనిషి ఎనిమిది నెలలు ఒక్క మాట మాట్లాడలేదని నీకెవరూ చెప్పి ఉండరు.

మీ తాతయ్య బస్సుల షెడ్డులో మెకానిక్. రాత్రంతా పనిచేసి పొద్దున్న ఇంటికొచ్చి పడుకునేవాడు. నేను బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేసేదాన్ని. మీ మామయ్యకి పదిహేనేళ్ళు. ఒకరోజు జలుబు చేసి బడి మానేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేశాను.

"నాన్న ఇంకా లేవలేదమ్మా. లేపనా?" అన్నాడు.

"వద్దురా, పడుకోనీ. అలిసిపోయి ఉంటాడు" అన్నాను.

సాయంత్రం నేనొచ్చి ముట్టుకునేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. గుండె ఎప్పుడు ఆగిందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. పొద్దున్నే ఆగి ఉండొచ్చు, మధ్యాహ్నం ఆగి ఉండొచ్చు అన్నాడు. ఆ రెండో మాట నా చెవిలో సీసంలా పడింది. వాడి చెవిలోనూ పడిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజు నుంచి వాడు మూగనోము పట్టాడు. ఆకలేస్తే కంచం తెచ్చుకునేవాడు, లేదంటే లేదు. ఏదీ అడిగేవాడు కాదు. గొంతులో ఏ లోపమూ లేదు, తనంతట తను మాట్లాడాల్సిందే అన్నారు డాక్టర్లు. నేను మొక్కని దేవుడు లేడు. ఆ ఫోన్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మీ అమ్మకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో ఈ ఆట నేర్చుకుని ఇంటికి పట్టుకొచ్చింది. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు కథలో మనుషులవుతారు. ఎవరు ఏం చేయబోయినా, అయిందో కాలేదో గోళీకాయంత పాచిక దొర్లించి తేలుస్తారు. దానికి ఇరవై ముఖాలు. ఎంత ఎక్కువ అంకె పడితే అంత మంచిది. కథ నడిపేది మీ అమ్మ. ఆడేవాళ్ళు ఇద్దరు స్నేహితులు. మందపాటి కళ్ళజోడు పిల్లని సోడాబుడ్డి అనేవాళ్ళు, కథలో అది దొంగ. వీధి చివరింటి పొడుగు కుర్రాడిని నిచ్చెన అనేవాళ్ళు, వాడు మంత్రగాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా అన్నాల బల్ల మీద ఆట. మీ అమ్మ తమ్ముణ్ణి చేయి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టి, "నువ్వు యోధుడివిరా" అంది.

రెండు నెలలు వాడు పాచిక దొర్లించి వేళ్ళతో అంకె చూపించేవాడు, అంతే. ఒక ఆదివారం ఇరవై పడింది. వాడు బల్ల మీద గుద్ది, "కొట్టా!" అన్నాడు.

నేను వంటగదిలో ఉన్నాను. చేతిలో గరిట ఏమైందో నాకు గుర్తులేదు.

మీ అమ్మ ఆనందం పట్టలేక అక్కడికక్కడే ఒక కత్తి సృష్టించింది. గురి తప్పదు, పాచిక అక్కర్లేదు, తగిలితే ఎవడైనా ఒక్క వేటుకి కూలాల్సిందే. అట్టముక్క మీద బొమ్మ గీసి, కింద ఆ గుణాలన్నీ రాసి చేతిలో పెట్టింది. వాడు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నాదేనా?" అన్నాడు. రెండో మాట!

అప్పటి నుంచి మాటకో గుండీ చొప్పున ఒక డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. ఆదివారానికి నాలుగు, ఒక్కోసారి ఆరు. ఆ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా మాట్లాడేవాడు కాదు, మాట్లాడినా కత్తి ఎత్తినప్పుడే. వారమంతా ఆ డబ్బా గలగలే నాకు ఊపిరి.

ఇక అవతలి ఇద్దరి సంగతి ఆలోచించు. రాక్షసులు గుంపుగా వస్తారు, మీ మామయ్య లేస్తాడు, ఊచకోత కోసి కూర్చుంటాడు. అయిపోయె.

"నేను ఒరలోంచి బాకు తీసేలోపే శవాలు లేస్తున్నాయి. నన్ను పిలిచింది ఊడ్చడానికా?" అంది సోడాబుడ్డి ఒకరోజు.

"నీకు ఊడ్చే పనైనా ఉంది. నా మంత్రాలు దీపం ముట్టించడానికి తప్ప దేనికీ కొరగావడం లేదు. దానికంటే అగ్గిపెట్టె నయం" అన్నాడు నిచ్చెన.

నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వులో పుల్లదనం మీ అమ్మకి అర్థమైంది. కత్తికి తగ్గట్టు ఉండాలని మరుసటి వారం కొండంత రాక్షసుణ్ణి తెచ్చింది. వాడు కత్తిని తట్టుకున్నాడు, నిజమే. కానీ వాడి చెయ్యి విదిలింపు తగిలి సోడాబుడ్డి దొంగ చచ్చిపోయింది. ఒక్కటే దెబ్బ! ఏడాది పాటు ఆ పిల్ల పెంచుకున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వాడి కత్తికి నేను బలా?" అంది. దొంగని బతికించడానికి మీ అమ్మ ఏదో మూలిక కల్పించింది గానీ, విరిగిన మనసు అతుకుతుందా?

ఆ తర్వాత ఇంకో తప్పు చేసింది. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు అట్టముక్క మీద రాసింది రబ్బరుతో చెరిపి, కత్తి బలం సగానికి తగ్గించి రాసింది. ఆదివారం వాడు కూర్చోగానే అట్ట చూశాడు. రబ్బరు మరకని వేలితో ఒకసారి తడిమాడు. అట్టని బోర్లించి పెట్టాడు. మూడు ఆదివారాలు నోరు తెరవలేదు. డబ్బాలో ఒక్క గుండీ పడలేదు.

మీ అమ్మ భయపడి మళ్ళీ పాత బలం రాసిచ్చింది. అప్పుడు సోడాబుడ్డి, నిచ్చెన కలిసి వచ్చి చెప్పేశారు. వచ్చే ఆదివారమే ఆఖరు, ఆ తర్వాత మేం రాలేం అని.

మీ అమ్మ వంటగదిలో నేల మీద కూలబడింది. "అమ్మా, కత్తి తీసేస్తే వాడు పోతాడు. ఉంచితే వీళ్ళు పోతారు. వీళ్ళు పోతే ఆటే లేదు, అప్పుడూ వాడు పోతాడు. నేనేం చెయ్యను?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్పులేసుకుని నిచ్చెన ఇంటికి వెళ్ళాను. సిగ్గు విడిచి వాళ్ళ గుమ్మంలో నిలబడి బతిమాలాను. "ఊరికే వచ్చి కూర్చోండి బాబూ. వారానికి రెండు గంటలు. నా కొడుకు నోట మాట ఆగిపోకుండా చూడండి."

వాడు తల దించుకుని, "కూర్చుంటాం ఆంటీ. కానీ మేం జాలితో కూర్చుంటే వాడికి తెలియదా?" అన్నాడు.

వచ్చిన దారినే ఇంటికొచ్చాను.

మర్నాడు కార్ఖానాలో నాకు కటింగ్ బల్ల దగ్గర పని. ఎనిమిది పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరుస్తారు. కత్తెర నా మోచేయంత ఉంటుంది. కటింగ్ మాస్టారు ఎంత మొనగాడైనా ఒక్కడే కోస్తే కింది పొరలు జారి, ఒక చొక్కాకి చేయి పొడుగు, ఇంకోదానికి పొట్టి అవుతుంది. అందుకని ఎదురుగా ఒకరు నిలబడి రెండరచేతులతో బట్టని అదిమి పట్టాలి. మాస్టారు "పట్టు" అంటాడు. ఎదుటి మనిషి "పట్టా" అంటే గానీ కత్తెర కదలకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆ రోజు మాస్టారు "పట్టు" అన్నాడట, నేను వినలేదు. మనసు ఎక్కడో ఉంది. ఎంతసేపటికో తలెత్తితే, కత్తెర తెరిచి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు ఆ ముసలాయన.

"కొయ్యండి మాస్టారూ" అన్నాను.

"ఎలా కొయ్యనమ్మా? నువ్వు పట్టా అనేదాకా దీనికి పదునెక్కడిది?"

ఆ మాట పట్టుకుని పరుగున ఇంటికొచ్చాను. మీ అమ్మకి కత్తెర సంగతి చెప్పాను. బల్ల మీది బట్ట తీసి నాలుగు మడతలు పెట్టి చూపించాను కూడా. మీ అమ్మ కళ్ళలో వెలుగొచ్చింది. "కత్తి బలం తగ్గించక్కర్లేదన్నమాట. వాడు ముందు ఎవరినైనా పట్టు అని అడగాలి. ఆ మనిషి తన విద్యతో శత్రువుని పట్టి ఉంచాలి, పాచిక వాళ్ళు దొర్లించాలి. పట్టు చిక్కితే కత్తి ఎప్పటిలాగే ఒక్క వేటు. లేదంటే ఉత్త ఇనుము."

అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. "వాడు అడగడమ్మా. వాడు ఎవరినీ ఏదీ అడగడు. ఎందుకో నాకు తెలియదు."

నాకు తెలుసు. స్టవ్ కట్టేసి, ఫోన్ సంగతి మొత్తం చెప్పాను. "లేపనా అని అడిగాడే. నేనే వద్దన్నాను." మీ అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆఖరి ఆదివారం వచ్చింది. ఈసారి దొంగచాటు రబ్బరు పని లేదు. మీ అమ్మ కొత్త షరతు అందరి ముందూ చదివి, వాడి ఎదురుగానే అట్ట మీద రాసింది. వాడు చూశాడు. అట్ట బోర్లించలేదు, అంతవరకు నయం. నేను గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నాను.

తాళ్ళ వంతెన మీద రాతి కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. మీ మామయ్య ఎవరినీ అడగలేదు, కత్తి దూశాడు.

"ఠంగుమంది. ఉత్త ఇనుము" అంది మీ అమ్మ.

కాపలావాడు పిడికిలి విసిరాడు. నిచ్చెన మంత్రగాడు స్పృహ తప్పి పడ్డాడు. మూడు వంతులు తిరిగేలోగా ఎవరైనా తట్టి లేపకపోతే చచ్చిపోతాడు. సోడాబుడ్డి దొంగ కాపలావాడి వెనక ఉండిపోయింది. లేపగలిగింది ఒక్క మీ మామయ్యే. మళ్ళీ కత్తే దూశాడు. మళ్ళీ ఠంగు.

"ఒరేయ్, నన్నడగరా! నా దగ్గర తాడుంది, వాడి కాళ్ళు కట్టేస్తాను. ఒక్కసారి నోరు తెరిచి అడుగు!" అని సోడాబుడ్డి లేచి నిలబడింది.

"నువ్వు అందించకే. అడగాల్సింది వాడు" అంది మీ అమ్మ. "రెండు వంతులు అయిపోయాయి."

ఇంతలో నిచ్చెన వెధవ, చచ్చేవాడిలా నటిస్తున్నానని కళ్ళు మూసుకుని, బల్ల మీద తల వాల్చేశాడు. చెయ్యి పక్కకి వేలాడేశాడు. ఎవరి ముందు అలా పడుకున్నాడో వాడికేం తెలుసు?

మీ మామయ్య ముఖం సున్నంలా తెల్లబోయింది. ఆపండిరా అని అరవబోయాను. వాడు ఆ వాలిన తలని చూశాడు, చూశాడు, మెల్లగా నా వైపు తిరిగాడు.

"అమ్మా... లేపనా?"

డబ్బా ఒళ్ళోంచి జారి గుండీలన్నీ గదంతా దొర్లాయి.

"లేపు నాన్నా, లేపు. ఆ రోజూ నువ్వు సరిగ్గానే అడిగావు. వద్దన్నది నేను. తప్పు నాదిరా, నీది కాదు."

వాడు నిచ్చెన భుజం పట్టుకుని కుదిపాడు. ఎంత గట్టిగానంటే వాడు నిజంగానే బెదిరి లేచి, "బతికే ఉన్నాన్రా బాబూ!" అన్నాడు. మీ మామయ్య ఏడుస్తూ, ముక్కు చేత్తో తుడుచుకుంటూ సోడాబుడ్డి వైపు తిరిగాడు.

"పట్టు" అన్నాడు.

"పట్టా!" అని సోడాబుడ్డి పాచిక విసిరింది. ఎంత పడిందో తెలుసా? మూడు. తాడు జారిపోయింది. రాతివాడు వంతెన తెంపేశాడు. ముగ్గురూ నదిలో పడ్డారు. గెలిచారనుకున్నావు కదూ? లేదమ్మా, చిత్తుగా ఓడిపోయారు.

నీళ్ళలో కొట్టుకుపోతూ కూడా వాడు, "మళ్ళీ పట్టు" అన్నాడు. ఈసారి నిచ్చెనని.

"ముందు నన్ను ఈదనివ్వరా! వచ్చే ఆదివారం నీళ్ళలోంచే మొదలెడదాం. ఇంతకీ కత్తి ఉందా, మునిగిపోయిందా?" అన్నాడు నిచ్చెన.

"ఉంది" అన్నాడు నా కొడుకు.

వచ్చే ఆదివారం అన్నది మొదట విన్నది మీ అమ్మ. కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. నేను నేల మీద పాకుతూ గుండీలు ఏరుకున్నాను. ఆ రోజు ఎన్ని మాటలకి ఎన్ని వేయాలో లెక్క తప్పింది, మళ్ళీ లెక్కపెట్టలేదు. బీరువా కింద ఇప్పటికీ రెండో మూడో ఉండాలి.

పో, మొహం కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్ళు. మీ అమ్మ ఏ కత్తి ఇస్తే అది తీసుకో. అయితే నాకొక మాట ఇవ్వాలి. నాకు ఇవాళ చెప్పింది రేపు మళ్ళీ చెప్తానో లేదో తెలియదు, వయసు అలాంటిది. ఎప్పుడో నువ్వూ కథ నడుపుతావు, నీ బల్ల దగ్గర ఎవరో ఒకరు గురి తప్పని కత్తి కావాలని మారాం చేస్తారు. అప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకుని వాళ్ళకి చెప్పు. అంతా గుర్తు లేకపోతే మూడు పడిందన్నది, వాడు మళ్ళీ పట్టు అన్నది, ఆ రెండూ మాత్రం వదిలేయకుండా చెప్పమ్మా.