చెంబెడు నీళ్ళు

నీలాంబిక చేసిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. యాభై ఏళ్ళ మనిషి, ఏడో ఏట మెడలో లింగం కట్టించుకున్నది మొదలు ఒక్క పూటా పూజ తప్పని మనిషి, జ్వరం మత్తులో వాడిన పూలతోపాటు పూజకని అరచేతిలో పెట్టుకున్న ఇష్టలింగాన్నీ కాగితంలో చుట్టేసింది. రోజూ అయితే ఆ పూలు మొక్కల మొదట్లో వేసేది. ఆ పూట ఓపిక లేక, వాకిట్లోకొచ్చిన చెత్తబండిలో పడేసింది. మెడలోని వెండికాయ తెరిచి లింగం పెట్టబోతే చెయ్యి ఖాళీ! నారాయణఖేడ్ అవతల చెత్తకుప్పలన్నీ పొద్దుగూకేదాకా కెలికింది. దొరకలేదు.

నవ్వు అక్కడితో సరి. ఆ ఇంట్లో లింగం పోతే ప్రాణం పోయినట్టే. దొరికేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని తండ్రి శాంతప్ప ఉగ్గుపాలతోనే నేర్పాడు. నీలాంబికకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి సంగమ్మ లింగం బావిలో జారిపోయింది. సంగమ్మ చాప మీద పడుకుంది, ఐదో రోజున పోయింది. ఊరు ఊరంతా కదిలొచ్చి, ఎంత పుణ్యాత్మురాలో అని కాళ్ళకు మొక్కింది.

ఊరికి తెలియనిది ఒకటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం సంగమ్మ కూతుర్ని దగ్గరకు పిలిచింది.

"నీలా, గుక్కెడు నీళ్ళియ్యవే."

"పాపం తగుల్తది అవ్వా," అని చెవులు మూసుకుని బయటికి పరుగెత్తింది నీలాంబిక. అవ్వ కైలాసంలో ఉందనుకుంటూ నలభై ఒక్క ఏళ్ళు నెట్టుకొచ్చింది. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తన వంతు. జ్వరమని తండ్రికి చెప్పి రెండు రోజులు కడుపు మాడ్చుకుంది. మూడో రోజు కళ్ళు బైర్లు కమ్మితే చెయ్యి దానంతటదే కుండలో గ్లాసు ముంచింది. గటగటా తాగేసింది. పిడుగు పడలేదు, కొంప మునగలేదు. పక్కింట్లో కుక్కర్ విజిలేసింది.

ఐదో రోజు, లింగాలు కట్టే జంగమయ్య శంభులింగయ్య దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడింది.

"గింత పరేషాన్ ఎందుకు తల్లీ? పోతే పోయింది. సోమారం రా, కొత్తది కడత."

"నీళ్ళు తాగిన అయ్యా."

"తాగక సస్తవా ఏంది? గవన్నీ ఎన్కటి మాటలు."

ఎన్కటి మాటలట! ఇంత తేలికా? ప్రాణం కుదుటపడాల్సింది పోయి నీలాంబికకు కాళ్ళ కింద నేల కదిలింది. మరైతే అవ్వ దేనికోసం పోయినట్టు? బస్సు డిపో ముందు బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనూర్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూసీ చూడనట్టు పక్కకు జరిగారు. ఆ నమ్మకమే నిజమైతే బాగుండునని, తనను ఏ పాపమో తగిలి చంపేసినా బాగుండునని అనిపించింది.

ఇంటికొచ్చేసరికి శాంతప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై రెండేళ్ళవాడు. చెబితే ఈయన ఏమైపోతాడు? చెప్పకపోతే తానేమైపోతుంది?

"అప్పా, నా లింగం పోయింది. నీళ్ళు తాగిన."

ముసలాయన అరవలేదు. "ఎన్నొద్దులాయె?"

"ఐదు. అప్పా, అవ్వ నన్ను నీళ్ళడిగింది. నేనియ్యలే."

శాంతప్ప చెయ్యి తన మెడలోని వెండికాయను పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"నన్ను గూడ అడిగింది బిడ్డా. ఐదో దినం, తెల్లారంగ." తల వంచుకున్నాడు. "నువ్వంటే శిన్నపిల్లవి."

ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద, ఒకే కుండలో నీళ్ళు తాగుతూ, ఒకరికొకరు చెప్పుకోలేదు. తండ్రిని వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది, ఆయన మొహం మళ్ళీ చూడకూడదనీ అనిపించింది.

"గొంతు ఎండుతుంది, నీలమ్మా. గిన్ని నీళ్ళియ్యి."

నీలాంబిక లోపలికి వెళ్ళి చెంబు నింపింది. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ముసలాయన చెయ్యి చాచాడు.

ఇచ్చింది. ఆయన తాగుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది.