మోగని నాలుగో దెబ్బ

లాండ్రీ బల్ల మీద ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. చొక్కా కమురువాసన కొడుతున్నా అక్క చెయ్యి కదల్లేదు. బట్టల కోసం వచ్చినామె ఫోనులోంచి అక్కకు తన తమ్ముడి చావుకేక వినిపిస్తోంది.

ఆ లాండ్రీలోనే మూటలు కడుతున్న ఒకప్పటి డ్రమ్మరు గభాలున లేచి ఇస్త్రీపెట్టె పక్కకు లాగాడు. ముప్పై ఏళ్ల కిందట ఆ కేక ఆయన మూడడుగుల దూరంలో విన్నదే. వానలో రాక్ కచేరీ. మైకు షాకు కొడుతోందని గిటారు వాయిస్తూ పాడే తమ్ముడు మొత్తుకున్నాడు. ఆపితే ఇంకెక్కడా స్టేజీ ఎక్కనివ్వనని కాంట్రాక్టరు బెదిరించాడు. తమ్ముడు డ్రమ్మరు మొహం చూశాడు. పుల్లలతో నాలుగు దెబ్బలు కొట్టి పాట ఎత్తుకోమనడం డ్రమ్మరు పని. నాలుగోది పడనిదే ఆ బృందంలో ఎవడూ తీగ ముట్టడు. ఆయన నాలుగూ కొట్టాడు. తమ్ముడు మైకు పట్టుకున్నాడు.

"పాత కచేరీలన్నీ ఫ్రీగా పెట్టారండీ," అంది ఏమీ తెలియని ఆ ఫోనామె. చూపిస్తానంటూ వీడియో వెనక్కి జరిపింది. ఈసారి కేకకు సరిగ్గా ముందు సబ్బు ప్రకటన వచ్చింది.

మర్నాడు అక్కా డ్రమ్మరూ ఆ వీడియోలు పెట్టిన కంపెనీకి వెళ్లారు. మేనేజరు కుర్చీ చూపించలేదు, కాగితం చూపించాడు. కచేరీనాడు గేటు దగ్గర ఇచ్చిన చీటీ అది. సంతకం పడితేగాని సామాను లోపలికి వదలమంటే అందరి తరఫునా డ్రమ్మరే గీకేశాడు. దాని వెనక చీమల బారులాంటి అక్షరాల్లో పాట, గొంతు, బొమ్మ శాశ్వతంగా రాసిచ్చినట్టుంది.

"ఆరోజు డ్రమ్ములు తడిసిపోతున్నాయి బాబూ. వెనక్కి తిప్పి ఎవడు చదువుతాడు?"

"చదవకపోతే నా తప్పా?"

"ఆ ఒక్క నిమిషం తీసెయ్యి నాయనా," అంది అక్క.

"జనం చూసేదే ఆ నిమిషాన్నమ్మా! ఇది ప్రజాసేవ. శనివారం సంస్మరణ లైవ్ కూడా పెడుతున్నాం. తెర మీద ఆ కచేరీ, దాని ముందు పాత బృందం వాయించాలి. నువ్వూ రా, ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను."

లాండ్రీ వెనక గదిలో, ఆరేసిన దుప్పట్ల మధ్య వాయిద్యకారుల సంఘం కూడింది. ఆ పాటలు వినే విద్యార్థులూ వచ్చారు.

"పాట అందరిదీ అన్నది మీరేగా?" కళ్లజోడు పిల్ల నిలదీసింది. "టిక్కెట్టు కొనలేని మేం ఫ్రీగా వింటే మీకేం నొప్పి బాబాయ్?"

"కడుపునిండా వినవే తల్లీ. పాటకి తాళం వెయ్యమనడం లేదు. పెట్టేముందు మమ్మల్నడగమంటున్నాం. వాడి చావు మాత్రం పాట కాదు."

"ఆ నాలుగు కొట్టింది నువ్వే కదరా!" బేస్ వాయించే ముసలాయన కసిగా అన్నాడు. "వాడు నీ మొహం చూశాడు. నేను కళ్లారా చూశాను."



"కొట్టాను," అన్నాడు డ్రమ్మరు. "మీరూ ఎత్తుకున్నారు. ఎవడి భయం వాడు మింగి కూర్చున్నాం. అందుకే వాడు పోయాడు."

అక్క దుప్పటి లాగి మడతపెట్టింది. "ఏడుపులు తర్వాత. శనివారం ఏం చేస్తారో చెప్పండి."

శనివారం హాలు కిటకిటలాడింది. తెర మీద వాన, వానలో తమ్ముడు. కెమెరాలు వెలిగాయి. మేనేజరు వేలెత్తాడు.

డ్రమ్మరు పుల్లలు కలిపాడు. ఒకటి. రెండు. మూడు.

పుల్లలు గాల్లోనే ఆగాయి. బృందంలో ఒక్క చెయ్యి కదల్లేదు. తెర మీద తమ్ముడు మైకుకి చెయ్యి చాచేలోగా ముందు వరుసలోంచి అక్క లేచి తెర వైరు పీకి పారేసింది. ముప్పై ఏళ్ల కిందట ఎవరో ఒకరు చెయ్యాల్సిన పని!

"కొట్టవయ్యా... కొట్టరా!" మేనేజరు గద్దించాడు.

"కొట్టను. వాడి చావు మీ సొత్తు కాదు!"

లైవ్ ఆపండని మేనేజరు అరిచేసరికే ఆ మాట ఇళ్లిళ్లకూ చేరిపోయింది. బందోబస్తుకొచ్చిన పోలీసులు స్టేజీ ఎక్కారు. పుల్లలు వదలని వేళ్ల మీద లాఠీ దిగింది. ఎముకలు చిట్లిన చప్పుడు మైకులో అందరూ విన్నారు. డ్రమ్మర్నీ అక్కనీ ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. ఆమె కొంగు చింపి ఆయన చేతికి చుట్టింది.

హాల్లో కళ్లజోడు పిల్ల కుర్చీ చెక్క మీద అరచేత్తో కొట్టింది. పక్కవాళ్లు అందుకున్నారు. ఆపైన హాలు హాలంతా.

ఒకటి. రెండు. మూడు.

పోలీసులు లాఠీలెత్తి ఆగారు. వ్యానులో డ్రమ్మరు ఊపిరి బిగబట్టాడు.

నాలుగోది పడలేదు.