తొమ్మిదో గడిలో సున్నా

నేను ఒక పరీక్ష అట్టను. చెక్క పొట్టును వేడితో అదిమి పలక చేసి, పదమూడు అంగుళాల పొడవున కోసి, పైన ఇనుప క్లిప్పు బిగిస్తే నేనయ్యాను. నాకు తెలిసేవి రెండే: నా మీద ఆనే కలం ఒత్తిడి, నా చుట్టూ వినిపించే మాట. రంగులు, ముఖాలు నాకు తెలియవు. ఇక్కడ చెప్పేదంతా విన్నదీ, నా ఒంటి మీద పడిందీ మాత్రమే.

నన్ను మొదట కొన్నది హరిప్రియ, పదో తరగతి పరీక్షలకు. ఊరు జీడిమెట్ట. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి మూడు మైళ్లు. కొనగానే నా వీపు మీద వృత్తలేఖిని ముల్లుతో తన పేరు గీసింది. ఆరు పరీక్షలు నా మీదే రాసింది. తెలిసిన జవాబు దగ్గర కలం తేలిగ్గా పరిగెత్తేది. తెలియని చోట చుక్క పెట్టి ఆగేది. లెక్కల పరీక్ష రోజు అలాంటి చుక్కలు పదకొండు. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది: రాసిన జవాబు పక్కవాడిదైనా కావచ్చు, ఆగిన చుక్క మాత్రం సొంతం.

పరీక్షలయ్యాక నన్ను గూట్లో పెట్టారు. నాలుగేళ్లున్నాను. ఆ గూట్లోంచే ఇంటి సంగతి విన్నాను. హరిప్రియ తండ్రి ధనుంజయరావుకు మూత్రపిండాలు చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. టౌను ఆస్పత్రికి బస్సులో గంటన్నర. తల్లి ఢిల్లీశ్వరి ఆశా కార్యకర్త, ఉద్యోగం మానడానికి లేదు. హరిప్రియ డిగ్రీ రెండో ఏడు మానేసి తండ్రిని తీసుకెళ్లడం మొదలుపెట్టింది. చూడటానికి వచ్చినవాళ్లు వాకిట్లోంచే తండ్రి గురించి అడిగేవాళ్లు, "బావుకి ఎలాగుందమ్మా?" అని. హరిప్రియ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. "పరవాలేదు."

ఒక రోజు ఢిల్లీశ్వరి నన్ను గూట్లోంచి తీసి దుమ్ము దులిపింది. ఊళ్లోకి పరిశోధన వచ్చింది. నగరంలోని ఒక సంస్థ వాళ్లది. దీర్ఘరోగాలున్న ఊళ్లలో మనుషుల మనసు ఏ వయసులో ఎలా ఉంటుందో తెలుసుకోవాలట. రెండు వందల పన్నెండు ఇళ్లు, మూడు వందల నలభై మంది. ముప్పైలోపు వాళ్లకు ఒక ఫారం, అరవైలోపు వాళ్లకు ఒకటి, ఆపై వాళ్లకు ఒకటి. ఇళ్లకు వెళ్లి అడిగే పని ఢిల్లీశ్వరిది. ఫారంలో ఒంటి గురించి అరవై ఒక్క ప్రశ్న, మనసు గురించి తొమ్మిది. ఈ తొమ్మిదింటికీ జవాబు అంకెలోనే. లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగానికి మించితే రెండు, దాదాపు రోజూ అయితే మూడు.

ఒంటి ప్రశ్నలు జనానికి నచ్చాయి. కడుపు సంగతి, కీళ్ల సంగతి అడగనిది కూడా చెప్పారు. మొదటి రోజు సాయంత్రం రెండో ఇల్లు తవిటమ్మది. డెబ్బై ఏళ్లు, మొగుడు కూడా మూత్రపిండాల జబ్బుతోనే పోయాడు. ఒంటి ప్రశ్నలన్నిటికీ ఆమె గుమ్మంలో కూర్చుని ఓపిగ్గా జవాబు చెప్పింది.

"నిద్దర సరిగ్గా పడతన్నాదా అత్తా?" ఢిల్లీశ్వరి అడిగింది.

"దోమలున్న ఊళ్ల నిద్దర ఎవులికి పడతాదే? రాసుకో, దోమలని రాసుకో."

"దోమలకి గడి నేదు."

"మరేటి ఫారమే అది!"

అలా ఎనిమిది ప్రశ్నలు గడిచాయి. తొమ్మిదోది ఢిల్లీశ్వరి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. గత రెండు వారాల్లో, బతకడం కంటే చనిపోవడమే మేలని అనిపించిందా?

నా మీద నీళ్లు పడ్డాయి. తవిటమ్మ చెంబు ఎత్తి గుమ్మం మీద చల్లింది.

"ఓలమ్మో! దీపాలెట్టే ఏల గుమ్మంల నిల్చోని ఆ మాటేటే? తథాస్తు దేవతలు తిరిగే ఏల! ఇంటే ఊరుకుంతారా? పో, ముందెల్లి నోరు కడుక్కో."

ఢిల్లీశ్వరి నిజంగానే వీధి కొళాయి దగ్గర నోరు కడుక్కుంది. అంకె వెయ్యలేదు. మర్నాడు పొద్దున ఊరి మొదట్లో కల్వర్టు మీద కూర్చుని తవిటమ్మ ఫారంలో తొమ్మిదో గడి నింపింది. సున్నా. ఆనక ఆ రోజుకు కావాల్సిన ఫారాలు తీసి ఒక్కొక్కటే నాకు తగిలించి, అన్నిటిలోనూ తొమ్మిదో గడి నింపింది. పద్దెనిమిది సున్నాలు. అప్పటికి ఆ పూట ఆమె ఏ గుమ్మమూ ఎక్కలేదు.

ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. మిగతా ప్రశ్నలు ఇళ్లలో అడిగేది, తొమ్మిదోది కల్వర్టు మీదే ముగించేది. దీన్ని ఆమె మోసం అనుకోలేదు. జబ్బున్న ఇంటి ముందు నిలబడి చావు మాట ఎత్తడమే పాపం అనుకుంది. తన నోట పడిన మాట ఆ ఇంటి మీద ఎక్కడ వాలుతుందోనని భయపడింది. సున్నా వేస్తే ఆ ఇంటికి రక్ష పెట్టినట్టే ఉండేది ఆమెకు. కలం ఒత్తిడిలో నాకు తెలిసింది అదే. సున్నా వేశాక ప్రతిసారీ కలాన్ని ఒక క్షణం అక్కడే ఉంచేది, దండం పెట్టినట్టు.

నాలుగో వారంలో తన ఇల్లు వచ్చింది. ఇంటి నంబరు 3-41. సొంత ఇంటిని వేరే ఊరి కార్యకర్త అడగాలని నియమం. మా ఇంటి గుట్టు ఇంకొకళ్లకెందుకు అని ఢిల్లీశ్వరి తానే రాసింది, అదీ కల్వర్టు మీదే. భర్త ఫారానికి కొంతసేపు పట్టింది. హరిప్రియ ఫారానికి పట్టలేదు. వయసు పంతొమ్మిది. జబ్బులు లేవు. నిద్ర సున్నా, ఆకలి సున్నా, దిగులు సున్నా. తొమ్మిది సున్నాలు వరసగా పడ్డాయి. కలం ఎక్కడా ఆగలేదు. ఒకే చూరు కింద పడుకునే పిల్ల గురించి తెలియనిదేముంది?

రెండు నెలల తర్వాత ఆరోగ్య కేంద్రంలో సమావేశం పెట్టారు. నేను ఢిల్లీశ్వరి ఒళ్లో ఉన్నాను. నగరం నుంచి వచ్చిన డాక్టరు అంకెలు చదివింది. జీడిమెట్టలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మూత్రపిండాల జబ్బు. చావాలన్న ఆలోచన ఉన్నవాళ్లు మూడు వందల నలభైలో సున్నా.

"గట్టి మనుషులండీ మా ఊరోళ్లు," అన్నారు ఎవరో. కొందరు చప్పట్లు కొట్టారు.

పర్యవేక్షకుడు పాణిగ్రాహి కొట్టలేదు. పాతికేళ్లు ఇలాంటి ఫారాలు తిరగేసిన మనిషి. "పెళ్లివారింట్లో అడిగినా ఒకరో ఇద్దరో ఉంటారు డాక్టరుగారూ. ఇరవై ఇళ్లు మళ్లీ అడుగుతాను," అన్నాడు. ఇంటి నంబర్లు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశారు. ఒక్కో చీటీ తీసి చదువుతున్నారు. పదకొండో చీటీ 3-41. నన్ను పట్టుకున్న వేళ్లు బిగిశాయి.

శుక్రవారం పొద్దున పాణిగ్రాహి వచ్చాడు. తన అట్ట జీపులో ఉండిపోయిందని నన్ను అడిగి తీసుకున్నాడు. ధనుంజయరావుతో మాట్లాడటం అయ్యాక హరిప్రియను కూర్చోమన్నాడు. మిగతావాళ్లు బయటికి వెళ్లాలన్నాడు.

"దాన్నేటి అడుగుతారు సార్? దానికే జబ్బూ నేదు," అంది ఢిల్లీశ్వరి.

"పది నిమిషాలమ్మా."

ఆమె వెనక వసారాలోకి వెళ్లింది. గిన్నెలు తోముతున్న చప్పుడు మొదలైంది.

"ఇది నా అట్టే సార్, టెన్త్‌లోది," అంది హరిప్రియ.

"అయితే నీ పరీక్ష నీ అట్ట మీదే," అన్నాడు పాణిగ్రాహి. ఇద్దరూ కొంచెం నవ్వారు.

నిద్ర ఎలా ఉందన్నాడు. పట్టదంది. మూడు. ఆకలి, రెండు. అంకెలు పడుతున్నాయి. తొమ్మిదోదాని ముందు ఆయన కలం ఎత్తాడు. "ఇది అందరినీ అడుగుతాం. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు," అని ప్రశ్న చదివాడు.

"అమ్మ ఏటి రాసింది సార్ దీనికి?"

"అమ్మ రాసింది వదిలెయ్. నువ్వు చెప్పు."

"అనిపించింది."

"ఎన్ని రోజులు?"

"లెక్కెట్టలేదు సార్. రోజూ."

కలం నా మీద ఆనింది. మూడు. ఆ అంకె వంపు దగ్గర కాగితం చిరిగింది. వసారాలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడని కూడా అనుకున్నావా తల్లీ?"

"ఆదివారం."

"ఆదివారమే ఎందుకు?"

"శనివారం నాన్నకి డయాలసిస్ అయిపోతాది సార్. మళ్లీ మంగళారం దాకా ఉండదు. మధ్యలో రెండు రోజులుంటాయి. ఈలోగా అమ్మ ఇంకెవులినైనా చూసుకుంటాది, బస్సు ఎక్కించడానికి."

ఇంటి లెక్క చెప్పినట్టు చెప్పింది. ఎలా అన్నదీ చెప్పింది. అది నేను చెప్పను. పాణిగ్రాహి కలం చేతిలోంచి జారి నా మీద పడి దొర్లింది.

ఎల్లుండే ఆదివారం.

ఢిల్లీశ్వరి లోపలికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "సున్నా ఏసీసినానే," అంది. "నీకు సున్నా ఏసీసినానే తల్లీ." ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి అంది.

"నన్నెవులూ అడగలేదమ్మా," అంది హరిప్రియ. "బస్సుల గానీ ఆస్పత్రిల గానీ, నాన్నకెలాగుందనే అడుగుతారు."

వాకిట్లో వేసిన మంచం మీదనుంచి ధనుంజయరావు దగ్గు వినిపించింది. ఆయన అన్నీ విన్నాడు. "రేపు నాను ఎల్లను. బస్సూ వద్దు, ఏటీ వద్దు," అన్నాడు.

"మీరు వెళ్తారు," అన్నాడు పాణిగ్రాహి. "తనూ వెళ్తుంది, మనసు డాక్టరు దగ్గరికి. ఇవాళే." జేబులోంచి ఫోను తీశాడు. తొమ్మిదో ప్రశ్నకు మూడు వస్తే ఏం చెయ్యాలో ఫారం వెనక అచ్చయి ఉంది. డాక్టరుకు ఫోను చెయ్యాలి, డాక్టరు మాట్లాడేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదం అనిపించినవి ఇంట్లోంచి తీసెయ్యాలి. మూడూ చేశాడు. మధ్యాహ్నం జీపులో తల్లీకూతుళ్లను ఎక్కించుకుని వెళ్లాడు. హడావుడిలో నన్ను మంచం పక్కన వదిలేశారు. రాత్రికి మందులతో తిరిగొచ్చారు, శనివారం ముగ్గురూ కలిసే డయాలసిస్‌కు వెళ్లొచ్చారు. ఆ ఆదివారం ఢిల్లీశ్వరి కూతురి పక్కనుంచి లేవలేదు. సోమవారం తెల్లవారింది.

తర్వాతి వారం ఢిల్లీశ్వరి నన్ను చంకన పెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కల్వర్టు సంగతి తానే చెప్పింది. మూడు వందల నలభై ఫారాలూ చెల్లవన్నారు. ఆమెను పనిలోంచి తీసెయ్యాలన్నారు కొందరు. మళ్లీ అడిగే పని పక్క ఊరి కార్యకర్తకు ఇచ్చారు. ఆమె ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చివరికి డాక్టరు ఇద్దర్నీ కలిసి వెళ్లమంది. ఢిల్లీశ్వరి మాట కలపాలి, పక్క ఊరామె అంకె వెయ్యాలి.

ఈసారి పొద్దున్నే వెళ్లారు. గుమ్మం దగ్గర నిలబడలేదు, లోపల కూర్చున్నారు. ఢిల్లీశ్వరి ప్రతి ఇంట్లోనూ ముందు ఒక మాట చెప్పింది: "మా ఇంట్ల నాను అడగలేదు. అడక్కుండానే సున్నా ఏసినాను." ఆ తర్వాత ప్రశ్న.

తవిటమ్మ ఇంట్లో చెంబు మళ్లీ గలగలమంది.

"మళ్లీ అదే మాటా? తథాస్తు దేవతలు ఇంతారే!"

"ఇననీ అత్తా. ఆలు ఇన్నా పరవాలేదు. మనుసులు ఇనకే మా ఇల్లు కూలిపోవాల్సింది."

చెంబు నేల మీద పెట్టిన చప్పుడైంది. తవిటమ్మ అంది, "ఆయన పోయిన కాడ్నుంచీ ఉంది. రోజూ కాదు. రాసుకో." ఆ పైన, "మీ ఆయన్ని మంగళారం బస్సు నానెక్కిత్తాను. ఆడోళ్లకి టిక్కెట్టు నేదంట గదా. ఊరికే కూకుని దోమల్ని కొట్టుకోడం కంటే నయం," అంది.

మూడు వందల నలభై మందినీ అడిగాక సున్నా కాని అంకెలు యాభై రెండు వచ్చాయి. సమావేశంలో డాక్టరు ఆ సంఖ్య రెండుసార్లు చదివింది. ఆ తర్వాత వయసుల వారీగా చదివింది. అరవై దాటినవాళ్లు పదకొండు మంది. ముప్పైలోపు వాళ్లు ఇరవై ఆరు మంది. వాళ్లలో పంతొమ్మిది మందికి ఒంట్లో ఏ జబ్బూ లేదు, అందరూ జబ్బు మనిషి ఉన్న ఇళ్లవాళ్లే. బస్సు ఎక్కించేవాళ్లు, మందులు తెచ్చేవాళ్లు, ఆస్పత్రి వరండాలో కూర్చునేవాళ్లు. ఈసారి చప్పట్లు లేవు. ఎవరో మంచినీళ్లు అడిగారు.

నాకిప్పుడు క్లిప్పు వదులైంది. రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నారు. హరిప్రియ మళ్లీ డిగ్రీలో చేరింది. ఇప్పుడు పరీక్ష హాల్లోకి అద్దంలా అవతలికి కనిపించే అట్టలనే రానిస్తారట. నాలాంటివాళ్లకు ప్రవేశం లేదు. అందుకని ఇంట్లోనే ఉంటాను. ఢిల్లీశ్వరి నా మీద చిక్కుళ్లకు ఈనెలు తీస్తుంది.

ఆదివారం మాత్రం నాకు పాత పని ఉంటుంది. పొద్దున చిక్కుళ్లు పక్కకు నెట్టి, క్యాలెండరు కాగితం ఒకటి తిరగేసి నాకు తగిలించి, ఢిల్లీశ్వరి కూతురిని తొమ్మిదో ప్రశ్న అడుగుతుంది. మొదట్లో ఆమె గొంతు ఆ ప్రశ్న మధ్యలో తెగేది. ఇప్పుడు తెగడం లేదు. హరిప్రియ కొన్నిసార్లు విసుక్కుంటుంది. "పరీక్షలున్నాయే అమ్మా, తర్వాత అడుగు," అంటుంది. తల్లి కలం పట్టుకుని కూర్చుంటుంది. మందులు నడుస్తున్నాయి, డాక్టరు దగ్గరికి నెలకు రెండుసార్లు వెళ్లి వస్తున్నారు.

మూడు అని పడిన వారాలు నాకు గుర్తున్నాయి. రెండు అని చాలా వారాలు పడింది.

ఈ ఆదివారం హరిప్రియ రోజులు పైకే లెక్కపెట్టింది. "ఈ వారం ఒక రోజే," అంది. అప్పుడు కలం నా మీద ఆనింది.

ఒకటి.