మూడో పేట

చక్రం పిడి తిప్పుతూనే చెల్లెలు అక్క పాదాల వంక చూసింది. తాళ్ల కార్ఖానాలో ఆ పొడుగాటి షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు నూలు పేటలు సాగి ఉన్నాయి. వాటి నడుమ మూడు గాడులు చెక్కిన కొయ్య దిమ్మెను పట్టుకుని అక్క మెల్లగా నడిచి వస్తోంది. ఆమె వెనక మూడు పేటలూ ఒక్క తాడై బిగుసుకుంటున్నాయి. నడిచేది అక్క, తిప్పేది తను. పెళ్లి కాక, అక్కాబావల ఇంట్లో చేరినప్పటి నుంచీ ఇదే వరస. తాడు బాగా కుదిరితే మెచ్చుకోలు అక్కకి, అరచేతి కాయలు తనకి.

"రెండు పేటలైతే సడలిపోతాయి, నాలుగైతే నడుమ డొల్ల పడుతుంది," అని కొత్తవాళ్లకి చెప్పేది అక్క. "జడ చూడండి, ముక్కాలిపీట చూడండి. మూడుంటేనే కుదురు. మా ఇంట్లోనూ ముగ్గురమే."

అందరూ నవ్వేవారు. చెల్లెలికి ఒళ్లు మండేది. ఆ ముగ్గురిలో మూడోది ఎవరో వేరే చెప్పాలా? సాయంత్రం బావ సైకిలు వేసుకొచ్చేది అక్క కోసం. వెనక నడిచేది తను.

ఆ పొద్దున బావ తన మఫ్లరు తీసి అక్క మెడకి చుట్టాడు. అదింకా కళ్లలో గుచ్చుకుంటూనే ఉంది. చెల్లెలు పిడిని కసికొద్దీ తిప్పింది. పేటలు వణికాయి. అక్క చేతిలో దిమ్మె ఎగిరిపడింది. తాడు మెలికపడి ముడుచుకుపోయింది.

మేస్త్రి వచ్చాడు. "ఎవరి పని ఇది?"

"నాదేనండీ. చెయ్యి జారింది," అంది అక్క గుండె మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతూ.

అతను వెళ్లాక చెల్లెలి దగ్గరికొచ్చింది. "కోపమొస్తే నన్ను తిట్టవే. తాడేం చేసింది?"

చెల్లెలు మెలికపడ్డ తాడు విప్పసాగింది. ఆ మంచితనమే మరీ కంటగింపుగా ఉంది.

మధ్యాహ్నం తిండివేళ చెల్లెలు వెళ్లి అక్క పక్కన కూర్చోలేదు. గుమ్మం బయట ఒక్కతే తింది. గంట కొట్టాక లోపలికొస్తే, అక్క గోడకి చేరబడి కునుకు తీస్తున్నట్టుంది.

"లే అక్కా, మేస్త్రి వస్తాడు," అని భుజం తట్టింది.

తల పక్కకి ఒరిగింది. ఊపిరి లేదు.

కబురందుకుని బావ వచ్చాడు. నలుగురూ పట్టి అక్కని బండి ఎక్కించారు. మేస్త్రి కొయ్య దిమ్మెను చెల్లెలి చేతిలో పెట్టి, "ఇక నువ్వే నడవాలమ్మా," అన్నాడు. ఇన్నేళ్లూ కోరుకున్నది అదే. పట్టుకోవడానికి వేళ్లు రాలేదు.

చెల్లెలు అక్క సంచీ కోసం గోడ దగ్గరికి వెళ్లింది. పరిచిన రుమాలు మీద వలిచిన కమలాపండు, మూడు వంతులుగా విడదీసి ఉంది. అలవాటుకొద్దీ ఏ వంతు పెద్దదో చూసింది. పెద్దది గుమ్మం వైపు, తను కూర్చున్న వైపు జరిపి ఉంది. ఎవరూ ముట్టని ఆ తొనల మీద నూలు ధూళి సన్నగా పడుతోంది.